సున్నం నీళ్లు, నల్ల బీరు, అనంతగిరికి అటూ ఇటూ

సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. ఎన్ని విజిళ్లు వేయించినా గింజ గింజగానే ఉంటుంది. తాండూరు వైపు ఏ ఇంట్లో అడిగినా ఈ మాట చెప్తారు. విచిత్రమేంటంటే పేరున్న కందులు పండేదీ అక్కడే (2022 డిసెంబరులో తాండూరు కందికి జీఐ ట్యాగు కూడా వచ్చింది). ఈ పప్పు ఉడకకపోవడానికీ, జర్మనీలో మ్యూనిక్ బీరు కొన్ని వందల ఏళ్లపాటు నల్లగానే ఉండిపోవడానికీ వెనకున్న దొంగ ఒక్కడే: సున్నపురాయి. ఆ కథే ఈ టపా. తాగనివాళ్లు కూడా నిరభ్యంతరంగా చదవొచ్చు, ఇందులో బీరు కంటే రాళ్లూ, నీళ్లూ, సర్కారు రూల్సే ఎక్కువ.

ముందు బీరు సంగతి చెప్పేస్తా. మ్యూనిక్ నల్ల బీరుని డుంకెల్ అంటారు. జర్మన్‌లో ఆ మాటకి అర్థం ముదురు రంగు అనే, ఇంకేం లేదు. హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో ఎక్కడ చూసినా గోధుమ బీరుదే రాజ్యం. డుంకెల్ ఎప్పుడో ఒకసారి బోర్డు మీద కనిపిస్తుంది, కనిపిస్తే వదలకండి. గ్లాసుని దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే అది నలుపు కాదని తెలుస్తుంది. తోమక వదిలేసిన రాగి చెంబు రంగు, అంచుల్లో ఎరుపు. వాసన అచ్చం పెనం మీద రెండు నిముషాలు ఎక్కువ ఉంచిన జొన్నరొట్టె అంచు. దాని వెనకాల బెల్లం పాకం ముదిరేటప్పుడు వచ్చే వాసన, కానీ నోట్లో పోసుకుంటే పాకమంత తీపి ఉండదు. చేదు చివర్లో వచ్చి, ఉన్నానని చెప్పి వెళ్లిపోతుంది. మింగాక నాలుక మీద ఏ పండు రుచీ, ఏ మసాలా రుచీ మిగలదు. ఆ శుభ్రమే లాగర్ లక్షణం.

మన జనాల్లో ఒక గట్టి నమ్మకం ఉంది, నల్లగా ఉంటే స్ట్రాంగు అని. డుంకెల్‌లో ఆల్కహాలు 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. బంగారం రంగులో తళతళలాడే మన సీసా 'స్ట్రాంగు' బీర్లు 8 శాతం దాకా పోతాయి. రంగు గింజని వేయించిన తీరు నుంచి వస్తుంది, మత్తు చక్కెర పులియడం నుంచి వస్తుంది. రెండూ వేరే వేరే మాడ్యూళ్లు.

సరే, మ్యూనిక్‌లో నల్లగా ఎందుకు కాచారు? రుచి కోసం అనుకుంటాం. అసలు కారణం, వాళ్లకి ఇంకో దారి లేదు. ఆల్ప్స్ కొండల నుంచి కొట్టుకొచ్చిన సున్నపురాళ్ల గుట్టల మీద ఉంది ఆ ఊరు. నీళ్లు ఆ రాళ్లలోంచి వడిసి వస్తూ కాల్షియం బైకార్బనేటుని మోసుకొస్తాయి. బీరు చెయ్యాలంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని (అదే మాల్టు) వేడి నీళ్లలో నానబెట్టి, గింజలోని పిండిని చక్కెరగా మార్చాలి. ఆ పని చేసే ఎంజైములు కొంచెం పులుపు వాతావరణంలోనే సరిగా పనిచేస్తాయి, పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్యలో. బైకార్బనేటు ఆ పులుపుని తినేస్తుంది. లేత మాల్టు వేస్తే చక్కెర సరిగా దిగదు, పొట్టులోంచి వగరు మాత్రం దిగుతుంది. అదే మాల్టుని బాగా వేయిస్తే గింజలోనే పులుపు పుడుతుంది. నీళ్ల గుణానికి గింజ గుణం విరుగుడు. మ్యూనిక్ వాళ్లకి ఈ రసాయన శాస్త్రం తెలియదు. పీహెచ్ అనే కొలతే 1909 దాకా లేదు, అదీ పుట్టింది కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో, సోరెన్సెన్ చేతుల్లో. నల్లగా వేయిస్తే బీరు బాగుంటుందని మాత్రం వాళ్లకి తెలుసు. మన భాషలో చెప్పాలంటే, హార్డ్‌వేరులో ఉన్న బగ్గుకి వేసుకున్న వర్కరౌండు నాలుగు తరాల తర్వాత ఫీచరై కూర్చుంది.

(పప్పు విషయంలో అసలు దోషి కాల్షియం. బీరు విషయంలో దాని జోడీ బైకార్బనేటు. అందుకే పప్పులో చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది, బీరుకి అదే సోడా వేస్తే మొత్తం పోతుంది. రాయి ఒకటే, దెబ్బలు రెండు.)

బీరు కంపెనీల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కదారి. మనం ఏ/బీ టెస్టింగు రిపోర్టుల్లో గర్వంగా వాడుకునే టీ-టెస్టు ఉంది చూశారూ, దాన్ని 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ప్రచురించింది విలియం గోసెట్ అనే ఆయన. ఆయన డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. డేటా సైన్సు వాళ్లు బీరుకి బాకీ ఉన్నారన్నమాట :)

మళ్లీ మ్యూనిక్‌కి వద్దాం. 1817లో ఇంగ్లండులో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్టుని మాడకుండా వేయించే తిరుగుడు పీపాకి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో బీరు టెక్నాలజీ అంటే ఇంగ్లండే. 1833లో మ్యూనిక్ స్పాటెన్ కంపెనీ వారసుడు గాబ్రియేల్ సెడెల్‌మయర్, వియన్నా కుర్రాడు ఆంటోన్ డ్రేహర్ కలిసి 'స్టడీ టూర్' అని ఇంగ్లండు వెళ్లారు. చేతికర్రలో బోలుగా గొట్టం పెట్టించి, అడుగున కవాటం బిగించి, ఎవరూ చూడనప్పుడు తొట్టిలో ముంచి శాంపిళ్లు దొంగిలించారు. రాత్రి లాడ్జిలో కూర్చుని కొలతలు వేసుకునేవాళ్లు. ఆన్‌సైటుకి వెళ్లి సోర్సు కోడు పట్టుకొచ్చిన మొదటి బ్యాచి వీళ్లే అనుకుంటా. తిరిగొచ్చాక ఇద్దరూ కొత్త పద్ధతిలో మాల్టు ఎండబెట్టారు. డ్రేహర్ 1841లో ఎర్రటి వియన్నా లాగర్ తెచ్చాడు. సెడెల్‌మయర్ మాత్రం నీళ్లకి లొంగి, ముదురు గోధుమరంగు దగ్గరే ఆగాడు. 1842లో బొహీమియాలోని ప్లజెన్ ఊళ్లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా వాడు లేత మాల్టుతో బంగారు రంగు బీరు తీశాడు. అక్కడి నీళ్లు వాన నీళ్లంత మెత్తన. ఈరోజు ప్రపంచంలో జనం బీరు అనగానే ఊహించుకునే రంగు ఆ ఊరి నీళ్ల పుణ్యమే. మ్యూనిక్ నుంచి లేత రంగు బీరు బయటికి రావడానికి 1894 దాకా పట్టింది, అదీ స్పాటెన్ కంపెనీయే.

రంగు అలా. ఇక చల్లదనం సంగతి. లాగర్ అంటే నిలవ ఉంచడం. 1553లో బవేరియా డ్యూకు ఆల్బ్రెక్ట్ ఎండాకాలం బీరు కాచకూడదని ఆజ్ఞ వేశాడు, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బంద్. వేసవిలో కాచిన బీరు పాడవుతోందని ఆయన బాధ. దాంతో అందరూ చలికాలంలోనే కాచి, కొండ గుహల్లో మంచుగడ్డల మధ్య నిలవ పెట్టారు. ఆ చలికి మామూలు ఈస్టు నిద్రపోతుంది. చలిలో నెమ్మదిగా పనిచేసే ఈస్టే బతికింది. అది రెండు జాతుల సంకరం. ఒక తల్లి రొట్టెల్లో, మామూలు బీరులో ఉండేదే. రెండో తల్లి ఎవరో చాలాకాలం తెలియలేదు, 2011లో దక్షిణ అమెరికా పటగోనియా అడవుల్లో చెట్ల మీద దొరికింది. ఈ పెళ్లి ఎక్కడ జరిగిందనే దానికి 2023లో ఒక పరిశోధక బృందం చెప్పిన ఊహ నాకు భలే నచ్చింది. గోధుమ బీరు కాచే హక్కు ఒక జమీందారీ కుటుంబానికే ఉండేది. 1602లో ఆ వంశం అంతరించింది. వెంటనే డ్యూకు మాక్సిమిలియన్ ఆ గుత్తహక్కుని లాక్కుని, తర్వాత వాళ్ల గోధుమ బీరు ఈస్టుని మ్యూనిక్ లోని తన కోట బ్రూవరీకి తెప్పించాడు. అప్పటికే అక్కడ చలి బీరు ఈస్టు ఉంది. రెండూ కలిశాయి. అంటే డ్యూకుగారి డబ్బు కక్కుర్తి లేకపోతే లాగర్ ఉండేది కాదేమో.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, బవేరియా రాజులు ప్రజల ఆరోగ్యం కోసం తపించిన మహానుభావులు అని ఒక ప్రచారం ఉంది. దానికి ఆధారంగా 1516 శుద్ధి చట్టాన్ని చూపిస్తారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యకూడదన్న చట్టం అది. చదివితే అందులో సగం ధరల గురించే ఉంటుంది, లీటరు పైచిలుకు బీరు ఎన్ని పైసలకు మించి అమ్మకూడదు అని. గోధుమలు రొట్టెలకి మిగలాలన్నది ఇంకో లెక్క. కానీ ఉద్దేశం ఏదైనా, ఆ చట్టం కుండలో ఏముంది అని అడిగింది. వేరేది కలిపితే ఆ పీపాని స్వాధీనం చేసుకుంటాం అంది. ఇంత చిన్న ప్రశ్న, ఐదొందల ఏళ్ల పాటు అడుగుతూనే ఉన్నారు. పల్లెటూరి నల్ల బీరు ఈరోజు దాకా బతికుండడంలో దాని పాత్ర తక్కువ కాదని నా నమ్మకం.

ఇప్పుడు అనంతగిరి ఎక్కుదాం. వీకెండు వస్తే ఆ ఘాటు నిండా మన కార్లే కాబట్టి దారి చెప్పక్కర్లేదు. పైన అనంత పద్మనాభ స్వామి గుడి, నిజాం కాలం నాటి క్షయ ఆస్పత్రి. ఆ కొండల్లో తూర్పు వైపు పడిన వాన చుక్క మూసీలో కలిసి హైదరాబాదు పోతుంది. 1908 వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920) పట్టి ఉంచేది ఆ చుక్కనే. పడమటి వైపు పడింది కాగ్నాలో కలిసి, తాండూరు మీదుగా కర్ణాటకలో భీమ నదికి చేరుతుంది. పైన ఎర్ర మొరం, దాని కింద దక్కను నల్లరాయి, పడమరకి పోయేకొద్దీ సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండ, షాబాద్ బండ అన్నీ అదే. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చిందీ దానికోసమే. నీళ్ల లెక్కన చూస్తే డుంకెల్ కాచడానికి తాండూరుని మించిన ఊరు మన దగ్గర లేదు.

కానీ కాచలేదు. కాచడానికి చలి లేదు. అవిభక్త భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు పెట్టిన తొలి బ్రూవరీలు కసౌలీ, మర్రీ లాంటి హిమాలయాల ఊళ్లలో ఉండటానికి కారణం అదే. 1873లో కార్ల్ ఫాన్ లిండె తన చల్లార్చే యంత్రాన్ని ఇదే స్పాటెన్ బ్రూవరీలో పెట్టాక గానీ లాగర్ కొండ దిగలేదు. ఇప్పుడైతే చలీ నీళ్లూ రెండూ కాన్ఫిగరేషను ఫైలే. ఆర్వో యంత్రం పెట్టి నీళ్లలో ఉన్నవన్నీ తీసేసి, కావలసిన లవణాలు కొలిచి కలిపితే గచ్చిబౌలిలో మ్యూనిక్ నీళ్లు తయారు. ఇక్కడి డుంకెల్ బాగుంటే ఆ క్రెడిటు కాచినవాడిదే, నీళ్లది కాదు.

చలి లేని చోట ఉన్నది కల్లు. దీన్ని లాగర్ పక్కన పెట్టి చూడండి. లాగర్‌కి వారాలు కావాలి, కల్లుకి గంటలు చాలు. లాగర్‌కి ఏరి కోరి పెంచిన ఈస్టు, కల్లుకి లొట్టిలోనూ గాలిలోనూ ఉన్నదే ఈస్టు, దానికి తోడు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా. అదీ చక్కెరని ఆల్కహాలుగా మార్చగలదు, ఈస్టు కంటే వేగంగా. పొద్దున దింపింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి వెనిగరు వైపు పోతుంది. సీసాలో పెట్టి ఊళ్లు తిప్పలేం. గీసిన చోటే, ఆ రోజే తాగాలి. 'ఫ్రెష్, లోకల్, నో ప్రిజర్వేటివ్స్' అని మైక్రోబ్రూవరీ మెనూ మీద రాసే ప్రతి మాటా ఈత చెట్టు కింద ఎప్పటి నుంచో నిజం. మోకు, ముస్తాదు కట్టుకుని చెట్టెక్కే మనిషికి ఆ మాటలు తెలియవు, అంతే.

తేడా ఎక్కడొచ్చిందంటే చట్టం దగ్గర. ఆబ్కారీ అనే పారశీక మాటని విడదీస్తే నీళ్ల పని అని వస్తుంది. పేరు అంత అందంగా ఉంది గానీ నిజాం రాజ్యంలో ఆ శాఖ పని నీళ్లు చూడటం కాదు, పైసలు చూడటం. ఆబ్కారీ సర్కారు పెద్ద ఆదాయాల్లో ఒకటి. 1316 ఫసలీలో (అంటే 1906-07) వచ్చిన హైదరాబాదు ఆబ్కారీ చట్టం పెట్టిన దారి చాలాకాలం నడిచింది. చెట్టు మీద పన్ను, దుకాణం మీద వేలం. ఎక్కువ పాడిన గుత్తేదారుకి దుకాణం, చెట్టెక్కేవాడు అతని దగ్గర కూలీ. చెట్లు ఎన్నున్నాయో అన్నే ఉంటాయి, ఎండాకాలం గీస్తే ఇంత, వానాకాలం గీస్తే ఇంత అని ప్రకృతి లెక్క. వేలం పాట మాత్రం ఏటా పెరగాలి. కెపాసిటీ పెంచకుండా టార్గెటు పెంచితే టీములో ఏం జరుగుతుందో మనకి వేరే చెప్పాలా? నంబర్లు దొంగలెక్కలవుతాయి. ఇక్కడ నంబరు అంటే లొట్టిలో నీళ్లు. నీళ్లు కలిపితే మత్తు తగ్గుతుంది, ఆ మత్తు కోసం క్లోరల్ హైడ్రేటు, తర్వాత డైజపాం, ఇప్పుడు అల్ప్రజోలం. తర్వాత గీత సహకార సంఘాలు వచ్చాయి, చెట్టు గీసేవాడికే లైసెన్సు పద్ధతి వచ్చింది. కల్తీ మాత్రం పోలేదు. 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూయించి 2014లో తెరిపించారు. మూసినప్పుడూ తెరిచినప్పుడూ వాదనలన్నీ ఉపాధి మీదా, ఓట్ల మీదా నడిచాయి. లొట్టిలో ఏముందో రోజూ చూసేదెవరు అన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

2015 సంవత్సరం ఒక్కటి చూడండి చాలు. ఆ ఏడే తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీ నిబంధనలు తెచ్చింది. పుణెలో డూలాలీ (2009), బెంగుళూరులో టాయిట్ (2010) వచ్చాక మన ఊరికి ఆలస్యంగా వచ్చిన సంబరం. అదే ఏడు సెప్టెంబరులో మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద అధికారులు గట్టిగా దాడులు చేశారు. ఒక్కసారిగా మందు కలిపిన కల్లు ఆగిపోయేసరికి వందలమంది వణుకుతూ, మూర్ఛలొచ్చి, మాటలు తడబడుతూ ఆస్పత్రుల్లో చేరారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం బారులు తీరారు. వాళ్లు ఏళ్ల తరబడి తాగింది కల్లు కాదు, మందుల షాపులో చీటీ లేనిదే ఇవ్వకూడని మాత్ర. ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు.

అనంతగిరి కిందే ఇంకోటి. 2021 జనవరిలో వికారాబాద్, నవాబుపేట మండలాల ఊళ్లలో కల్లు తాగినవాళ్లు వందమందికి పైగా ఒక్కసారే పడిపోయారు. మూసీ పుట్టే కొండకి కూతవేటు దూరం. 2025 జులైలో కూకట్‌పల్లిలో పలువురు చనిపోయారు. మన హాస్టళ్లు, మన పీజీలు ఉన్న కూకట్‌పల్లే. మన వాట్సాపు గ్రూపుల్లో ఆ వారం ఎంత మాట్లాడుకున్నామో గుర్తు తెచ్చుకోండి. అదే 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ బకాయిలు, ధరల గొడవతో తెలంగాణకి బీరు సరఫరా ఆపినప్పుడు ఎన్ని మీమ్‌లు తిరిగాయో కూడా. ఫిబ్రవరిలో బీరు రేటు 15 శాతం పెంచారు, ఆ కథ సుఖాంతం.

డుంకెల్ గ్లాసుకి మనం కట్టే మూడొందలూ నాలుగొందలూ రుచికే అనుకుంటాం. నిజానికి అందులో కొంత భాగం భయం లేకుండా తాగడానికి కట్టే రుసుము. 2019 ఏప్రిల్ నుంచి బీరులో ఏముండొచ్చో, ఏమెంత ఉండొచ్చో చెప్పే ఆహార భద్రతా ప్రమాణాలు అమల్లో ఉన్నాయి. తొట్టి మన ముందే అద్దాల వెనక మెరుస్తుంటుంది. కల్లు కాంపౌండులో ముప్పై నలభై రూపాయలు పెట్టే మేస్త్రీకి ఆ అద్దం లేదు. తాగుడు మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను పోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు, 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించినప్పుడు, 1997లో దాన్ని సడలించినప్పుడు ఆ వాదన చాలా గొప్పగానే జరిగింది. నేను అడిగేది దానికంటే చిన్న విషయం. అమ్మనిచ్చిన దాంట్లో ఏముందో చూడాలి కదా. ఆ మాత్రం పని 1516లో ఒక బవేరియా డ్యూకు, ధరల కోసమే అయినా, చేశాడు.

చూడాలనుకుంటే పెద్ద కష్టం కూడా కాదు. అల్ప్రజోలం పట్టే పరీక్ష ల్యాబులో అయ్యేదే. చెట్ల సంఖ్య రికార్డుల్లో ఉంటుంది, చెట్టుకి ఎంత వస్తుందో గీసేవాళ్లకి తెలుసు. దుకాణంలో అమ్మిన లీటర్లు చెట్లిచ్చిన లీటర్లకంటే ఎక్కువుంటే తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అడగొచ్చు. మన వాళ్లు వారాంతంలో రాసిపడేసే స్క్రిప్టు అది.

ఇదే చెట్టు నుంచి వచ్చే ఇంకో సరుకు విషయంలో మాత్రం సర్కారు ఆ శ్రద్ధ చూపించింది. 2023 మేలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు. నీరా అంటే పులియని కల్లు, చెట్టు మీద నుంచి తియ్యగా దిగేది. దాన్ని పులియకుండా ఆపే పాత పద్ధతి ఏంటో తెలుసా? లొట్టి లోపల సున్నం పూయడం. సున్నం పీహెచ్‌ని పెంచుతుంది, ఈస్టూ బ్యాక్టీరియా రెండూ చేతులు ఎత్తేస్తాయి. మ్యూనిక్ వాళ్ల తొట్టిలో ఎంజైములని ఇబ్బంది పెట్టిన లెక్కే, ఇక్కడ కావాలని చేసేది. ఇప్పుడు సున్నం బదులు ఐసు పెట్టెలు వాడుతున్నారు, లిండె గారి యంత్రం ఈత చెట్టు కిందికి కూడా వచ్చేసింది. తియ్యగా, కొంచెం మట్టి వాసనతో ఉంటుంది నీరా. పొద్దున్నే వెళ్తే బాగుంటుంది, ఎండెక్కాక అంత రుచి ఉండదు.